వీఐపీ పెప్టైడ్‌ని ఇంజెక్షన్‌గా ఇస్తే అకలేషియా తగ్గుతుందా?

మీరు అడిగింది ఇదీ: మీ అక్కగారికి ఏడాదిగా అన్నం ముద్దే కాదు, మంచినీళ్లు కూడా ఛాతీ మధ్యలో ఆగిపోతున్నాయి. ఎండోస్కోపీ, మానోమెట్రీ (అన్నవాహిక లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష) చేసి అకలేషియా టైప్ 2 అని, అంటే అన్నవాహిక అడుగు తలుపు సరిగా తెరుచుకోని జబ్బని తేల్చారు. "అన్నవాహిక అడుగు భాగాన్ని వదులు చేసే నరాలు దెబ్బతిన్నాయి" అని డాక్టరు గారు చెప్పారు. ఆ నరాలు వీఐపీ అనే పెప్టైడ్‌తో (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) పని చేస్తాయని మీరు ఎక్కడో చదివారు. షుగరు వాళ్లకి ఇన్సులిన్ ఇచ్చినట్టు ఆ పెప్టైడ్‌నే బయటి నుంచి ఇవ్వొచ్చు కదా, కండరం కొయ్యడం ఎందుకు అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, అకలేషియాకి అలాంటి ఇంజెక్షన్ లేదు. ఉన్నా దానితో ముద్ద దిగదు. ఇన్సులిన్ రక్తంలో తిరుగుతూ ఒళ్లంతా పని చేసే హార్మోన్. అన్నవాహికలో వీఐపీ చేసే పని వేరు. నరం కొస నుంచి పక్కనే ఉన్న కండరానికి, గుటక వేసిన ఆ కొద్ది సెకన్లు మాత్రమే అందే కబురు అది. మీ అక్కగారికి పోయింది ఆ కబురు మోసే నరమే. నరం లేకుండా పెప్టైడ్‌ని రక్తంలోకి ఎక్కిస్తే అది ఎప్పుడు చేరాలో, ఎక్కడ ఆగాలో చెప్పే దిక్కుండదు. ఇప్పుడు వివరంగా చెప్తాను. ఇది అర్థమైతే రేపు డాక్టరు గారు చెప్పబోయే చికిత్సలు కూడా సులువుగా అర్థమవుతాయి.

పెద్దవాళ్లలో అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల గొట్టం. పై కొసన చేతి కండరం లాంటి రేఖిత కండరం ఉంటుంది. మధ్యలో రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి. కింది సగానికి పైగా నునుపు కండరమే. పై భాగానికి మెదడు నుంచి వచ్చే వేగస్ నరపు పోగులు నేరుగా ఆదేశం ఇస్తాయి, ఎసిటైల్‌కోలిన్ ద్వారా. కింది భాగంలో వేగస్ నేరుగా కండరాన్ని ముట్టుకోదు. గోడలో రెండు కండరపు పొరల మధ్య నాడీకణాల వల ఒకటి పరచుకుని ఉంటుంది, దాన్ని మయెంటెరిక్ ప్లెక్సస్ అంటారు. వేగస్ ఆ వలకి చెప్తుంది, వల కండరానికి చెప్తుంది. మనం మాట్లాడుకుంటున్న పెప్టైడ్‌లు ఎక్కువగా పని చేసేది ఈ రెండో అంచెలోనే. అందుకే పక్షవాతం వచ్చినవాళ్లకి గొంతులోనే మింగుడు పడక నీళ్లు ముక్కులోకి రావడం, గుటక వేసిన క్షణంలోనే పొలమారడం లాంటివాటికి ఈ లెక్క వర్తించదు. అది పై అంచె జబ్బు.

ఆ వలలో కండరాన్ని నడిపే కణాలు రెండు రకాలు. బిగించేవి ఎసిటైల్‌కోలిన్‌తో పాటు సబ్‌స్టెన్స్ పి అనే పెప్టైడ్‌ని విడుదల చేస్తాయి. వదులు చేసేవి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని, వీఐపీనీ విడుదల చేస్తాయి. చాలా వరకు ఈ రెండూ ఒకే కణంలో ఉంటాయి. అకలేషియాలో ప్రధానంగా పోయేది ఈ రెండో రకం.

ఒక్క గుటకలో ఏం జరుగుతుందో చూడండి. మానోమెట్రీలో ముక్కు ద్వారా 4 మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నని గొట్టం దించుతారు. దాని మీద సెంటీమీటరుకి ఒకటి చొప్పున 36 సెన్సార్లుంటాయి. 5 మిల్లీలీటర్ల నీళ్లు నోట్లో పోసి ఒక్కసారి మింగమంటారు. గుటక వేయగానే పైన గొంతు దగ్గరి స్ఫింక్టర్ (తలుపులా మూసుకునే కండరపు వలయం) సెకను లోపే తెరుచుకుని మూసుకుంటుంది. నీళ్లు ఇంకా పైనే ఉండగా, 20 సెంటీమీటర్ల కింద ఉన్న రెండో స్ఫింక్టర్ ఒకటి రెండు సెకన్లలోనే వదులవడం మొదలుపెడుతుంది. మామూలు సమయంలో అది కడుపులోని పీడనం కంటే 10 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరసం ఎక్కువ ఒత్తిడితో బిగిసి ఉంటుంది. ఇప్పుడది దాదాపు కడుపు పీడనానికి దిగి, ఆరేడు సెకన్ల పాటు అలాగే ఉంటుంది. ఈలోగా పై నుంచి, ముద్దని కిందికి తోసే బిగువు అల సెకనుకి 3, 4 సెంటీమీటర్ల వేగంతో దిగివస్తుంది. అల అడుగుకి చేరాక స్ఫింక్టర్ మళ్లీ బిగుస్తుంది.

అంటే గుటక వేయగానే కింది భాగానికి అందే మొదటి కబురు "వదులు", ఆ తర్వాతే "బిగించు". ఈ "వదులు" కబురు కిందికి పోయేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే పై భాగం ముందు, అడుగు భాగం చివర బిగుస్తాయి. అల కింది దిక్కుగా నడవడానికి కారణం ఈ తేడానే. "వదులు" అనే కబురు పోతే స్ఫింక్టర్ తెరుచుకోకపోవడమే కాదు, అలకి ఆ వరస కూడా ఉండదు.

దీన్ని ఇంకా స్పష్టంగా చూపించే చిన్న పరీక్ష ఒకటి అదే గదిలో చేస్తారు. 2 మిల్లీలీటర్ల చొప్పున 5 గుటకలు, ఒకదాని వెంట ఒకటి, రెండు మూడు సెకన్ల తేడాతో మింగిస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ పది పన్నెండు సెకన్లూ గొట్టం మొత్తం నిశ్శబ్దంగా ఉంటుంది, కింది స్ఫింక్టర్ తెరిచే ఉంటుంది. ఐదో గుటక అయ్యాక మాత్రం మామూలు కంటే బలమైన అల ఒకటి వస్తుంది. గడగడా నీళ్లు తాగేటప్పుడు రోజూ జరిగేది ఇదే. అకలేషియా ఉన్నవాళ్లలో ఆ స్ఫింక్టర్ పూర్తిగా వదులవదు, తర్వాత రావాల్సిన అల కూడా రాదు.

కండరం లోపల వీఐపీ ఏం చేస్తుంది? ఇది 28 అమైనో ఆమ్లాల గొలుసు. 1970లో సామీ సయీద్, విక్టర్ మట్ అనే శాస్త్రవేత్తలు పంది పేగు నుంచి దీన్ని వేరు చేశారు. ఇది కండరకణం మీద కబురందుకునే గ్రాహకానికి తగిలితే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. దాంతో కణంలో క్యాల్షియం తగ్గుతుంది, కండరం వదులవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ కూడా చివరికి చేసేది అదే, కాకపోతే సైక్లిక్ జీఎంపీ అనే వేరే దారిలో వెళ్తుంది. సబ్‌స్టెన్స్ పి దీనికి ఎదురు. అది క్యాల్షియాన్ని పెంచి బిగిస్తుంది.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి, ఎందుకంటే మీరు చదివిన చోట వీఐపీకే పెత్తనం అంతా ఇచ్చినట్టున్నారు. 1980లో గోయల్, రత్తన్, సయీద్ కలిసి ఒపోసమ్ అనే జంతువు మీద చేసిన ప్రయోగంలో, వీఐపీకి వ్యతిరేకంగా పనిచేసే యాంటీసీరం ఇస్తే స్ఫింక్టర్ వదులవడం తగ్గింది. దాంతో వీఐపీయే ప్రధానమని చాలామంది అనుకున్నారు. తర్వాత నైట్రిక్ ఆక్సైడ్ సంగతి బయటపడింది. 1990లలో ఆరోగ్యవంతులైన వలంటీర్లకి, నైట్రిక్ ఆక్సైడ్‌ని పీల్చేసుకునే హిమోగ్లోబిన్‌ని రక్తనాళంలోకి ఎక్కించి చూశారు. స్ఫింక్టర్ సరిగా వదులవలేదు, అలలు వరస తప్పి వేగంగా వచ్చాయి, కొందరిలో గొట్టం పట్టేసినట్టు బిగిసింది. కాబట్టి మనుషుల్లో మొదటి వేగవంతమైన వదులు నైట్రిక్ ఆక్సైడ్ పని. నరం గట్టిగా, వరుసగా కబుర్లు పంపుతున్నప్పుడు వీఐపీ తోడవుతుంది. పెప్టైడ్ స్వభావమే అంత. అది కణం నడిబొడ్డులో తయారై, సంచుల్లో ఎక్కి, నరం కొస దాకా ప్రయాణం చేసి రావాలి. అప్పటికప్పుడు కొసలో తయారయ్యే వాయువు అంత చురుగ్గా ఉండదు, కానీ ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది.

అలాంటప్పుడు బయటి నుంచి ఎందుకు ఇవ్వలేం? మాత్రగా ఇస్తే పెరుగన్నంలోని ప్రోటీన్‌కి పట్టే గతే దానికీ పడుతుంది, జీర్ణమైపోతుంది. రక్తనాళంలోకి ఎక్కిస్తే రక్తంలో ఒకటి రెండు నిమిషాల్లోనే సగం కరిగిపోతుంది. పోనీ ఆపకుండా ఎక్కిస్తే? పేరులోనే జవాబుంది: వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్, అంటే రక్తనాళాల మీద పని చేసే పేగు పెప్టైడ్. రక్తనాళాలు వెడల్పవుతాయి, ముఖం ఎర్రబడుతుంది, బీపీ పడిపోతుంది, పేగులు నీళ్లు వదలడం మొదలుపెడతాయి. ఒంట్లో వీఐపీ మితిమీరితే ఏమవుతుందో ప్రకృతే చూపించింది. వీఐపోమా అనే అరుదైన కణితి ఉన్నవాళ్లకి రోజుకి 3 లీటర్లు దాటి నీళ్ల విరేచనాలవుతాయి, పొటాషియం ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇవన్నీ దాటినా అసలు సమస్య అలాగే ఉంటుంది. స్ఫింక్టర్ రోజంతా వదులుగా ఉంటే కడుపులోని ఆమ్లం పైకి వస్తుంది. గుటక వేసినప్పుడు తెరుచుకుని, ముద్ద దాటగానే మూసుకోవాలి. ఆ సమయం చూసేది నరం. ఇన్సులిన్‌కి ఆ ఇబ్బంది లేదు, భోజనానికి ముందు ఇస్తే సరిపోతుంది. ఇక్కడ ప్రతి గుటకకీ ఒక్కో మోతాదు కావాలి.

నరం పోవడం వల్ల కబురు అర్థమే మారిపోతుందని చూపించే ఉదాహరణ కోలిసిస్టోకైనిన్. కొవ్వు తిన్నాక చిన్నపేగు మొదటి భాగం విడుదల చేసే పెప్టైడ్ హార్మోన్ ఇది. దీనికి స్ఫింక్టర్ దగ్గర రెండు పనులున్నాయి. కండరానికి నేరుగా తగిలి కొంచెం బిగిస్తుంది. వదులు చేసే నరాలకి తగిలి వాటిచేత కబురు పంపిస్తుంది. ఆరోగ్యవంతుల్లో రెండోదే గెలుస్తుంది, స్ఫింక్టర్ వదులవుతుంది. నూనె ఓడే బిర్యానీ తిన్నాక గుండెల్లో మంట రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అకలేషియాలో ఆ నరాలు లేవు కనుక మొదటి పని ఒక్కటే మిగులుతుంది. 1981లో డాడ్స్ బృందం ఈ రోగులకి అదే హార్మోన్ ఇచ్చి చూస్తే స్ఫింక్టర్ వదులవకపోగా ఇంకా బిగిసింది. హార్మోన్ అదే, మోతాదు అదే, ఫలితం తలకిందులు. పెప్టైడ్ చికిత్స గురించి ఆలోచించే వాళ్లెవరైనా ముందు చదవాల్సిన ఫలితం ఇదే అంటాను.

మిగతా పెప్టైడ్‌ల గురించి క్లుప్తంగా. గ్యాస్ట్రిన్ వల్లే కింది స్ఫింక్టర్ బిగిసి ఉంటుందని ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉండేది. అది నిలవలేదు, ఆ బిగువు చాలా వరకు కండరం సొంతం. మోటిలిన్ ఖాళీ కడుపున శుభ్రపరిచే అలలతో పాటు స్ఫింక్టర్‌ని కూడా బిగిస్తుంది. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఈ మోటిలిన్ గ్రాహకం మీదే పని చేస్తుంది, కాబట్టి అకలేషియాలో దాని వల్ల ఉపయోగం లేదు. గ్లూకగాన్‌ని 1 మిల్లీగ్రాము రక్తనాళంలోకి ఇస్తే స్ఫింక్టర్ కాసేపు వదులవుతుంది. మటన్ ముక్క ఇరుక్కున్నప్పుడు కొన్నిచోట్ల ప్రయత్నిస్తారు. ఫలితం అంతంతమాత్రమే, పైగా వాంతి వచ్చే ప్రమాదముంది. ముక్క ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతుంటే గ్లూకగాన్ కోసం ఎదురుచూడకూడదు, ఆరు గంటల లోపు ఎండోస్కోపీ జరగాలి.

సబ్‌స్టెన్స్ పి గురించి తెలుగువాళ్లకి ఒక మాట. మిరపలోని క్యాప్సైసిన్, కడుపు ఆమ్లం, సలసల కాగే కాఫీ: మూడూ అన్నవాహిక గోడలోని స్పర్శ నరాల మీద ఒకే తలుపు తడతాయి. దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. తలుపు తెరుచుకుంటే ఆ నరాల కొసలు సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పెప్టైడ్‌లను వదులుతాయి. మంట, కొంత బిగువు అక్కడి నుంచే. గుంటూరు మిరపకాయ అకలేషియా తెప్పించదు. అయితే ముద్ద నిలిచిపోయే గొట్టంలో ఆవకాయ గంటల తరబడి గోడకి అంటుకుని ఉంటే ఛాతీ నొప్పి పెరగడం సహజం. మీ అక్కగారికి కారం తగ్గించమంటే కారణం ఇదీ.

ఇంకో ముఖ్యమైన విషయం, మీ అక్కగారు వాడుతున్న నొప్పి మాత్రలు చూడండి. నరాల కొసల మీద ఎన్‌కెఫాలిన్ అనే పెప్టైడ్‌కి గ్రాహకాలున్నాయి. కేవలం 5 అమైనో ఆమ్లాల గొలుసు, ఒంట్లోనే తయారవుతుంది. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్, మార్ఫిన్ ఆ గ్రాహకం మీదే కూర్చుంటాయి. "వదులు" కబురు విడుదలని అణిచేస్తాయి. నడుం నొప్పికో మోకాళ్లకో నెలల తరబడి ట్రమడాల్ వాడే మనిషికి మానోమెట్రీ చేస్తే, స్ఫింక్టర్ వదులవకుండా, అలలు వరస తప్పి, అచ్చం టైప్ 3 అకలేషియాలా కనిపించొచ్చు. ఇలాంటివాళ్లకి కండరం కొయ్యడం కంటే ముందు మందు మార్చి మళ్లీ చూడాలి. మీ అక్కగారిది టైప్ 2 కనుక ఈ అనుమానం తక్కువే, అయినా మందుల చీటీ డాక్టరు గారికి పూర్తిగా చూపించండి. గుండె నొప్పికి వాడే నైట్రేట్లు, నిఫెడిపిన్ లాంటి బీపీ మందులు దీనికి వ్యతిరేకంగా రీడింగులను తగ్గించి చూపిస్తాయి. ఏదీ సొంతంగా ఆపొద్దు.

రిపోర్టులో ఐఆర్‌పీ అనే అంకె చూడండి. గుటక తర్వాతి పది సెకన్లలో స్ఫింక్టర్ అన్నిటికంటే వదులుగా ఉన్న నాలుగు సెకన్ల సగటు అది. ఎక్కువ యంత్రాల్లో పడుకోబెట్టి చేసినప్పుడు 15 మిల్లీమీటర్ల పాదరసం దాటితే వదులవడం లేదని లెక్క, యంత్రాన్ని బట్టి ఈ హద్దు మారుతుంది. టైప్ 2 అంటే, అల లేదు కానీ మింగిన నీళ్లు మూసుకున్న తలుపు వెనక చిక్కి గొట్టం మొత్తం ఒకే ఒత్తిడికి వస్తుంది. మూడు రకాల్లో చికిత్సకి బాగా లొంగేది ఇదే, ఆ విషయంలో ధైర్యంగా ఉండండి.

చికిత్సల సంగతి ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. "వదులు" అనే కబురుని తిరిగి తెప్పించే మార్గం లేదు, అందుకని బిగిసే కండరాన్నే బలహీనపరుస్తారు. మందుల్లో ఐసోసార్బైడ్ డైనైట్రేట్ 5 మిల్లీగ్రాములు భోజనానికి 10, 15 నిమిషాల ముందు నాలుక కింద పెట్టుకుంటే నైట్రిక్ ఆక్సైడ్ అందుతుంది. సిల్డెనాఫిల్ ఆ దారిలోని సైక్లిక్ జీఎంపీ విరగకుండా కాపాడుతుంది. రెండూ నరం లేకపోయినా కండరంలో పని చేస్తాయి, కానీ ఒళ్లంతా పని చేస్తాయి. తలనొప్పి, బీపీ పడిపోవడం, కొన్నాళ్లకి ప్రభావం తగ్గడం ఉంటాయి. ఈ రెండూ కలిపి ఎప్పుడూ వాడకూడదు, బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. బొటాక్స్ 100 యూనిట్లు నాలుగు వైపులా పంచి స్ఫింక్టర్‌లో పొడిస్తే ఎసిటైల్‌కోలిన్ విడుదల ఆగుతుంది. అంటే "వదులు" ఎలాగూ లేదు కనుక "బిగించు"ని కూడా తగ్గిస్తారు. ఆరు నెలలో ఏడాదో పని చేస్తుంది. ఆపరేషన్‌కి తట్టుకోలేని పెద్దవాళ్లకి మంచిదే. వయసులో ఉన్నవాళ్లకి పదే పదే వేస్తే లోపల మచ్చ కట్టి, తర్వాత చేసే కోత కష్టమవుతుంది.

నిలిచే చికిత్సలు మూడు. 30 మిల్లీమీటర్ల బెలూన్‌తో మొదలుపెట్టి అవసరమైతే 35, 40కి వెళ్తూ స్ఫింక్టర్‌ని సాగదీసే డైలేషన్ ఒకటి, ఇందులో గొట్టం చిట్లే ప్రమాదం కొద్దిగా ఉంది. ల్యాపరోస్కోపీలో స్ఫింక్టర్ కండరాన్ని కోసే హెల్లర్ మయాటమీ రెండోది. నోటి ద్వారా ఎండోస్కోప్‌తోనే కండరాన్ని కోసే పోయెమ్ మూడోది. దీన్ని 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఏఐజీ ఆసుపత్రి లాంటి చోట్ల ఇది చాలా ఏళ్లుగా పెద్ద సంఖ్యలో జరుగుతోంది. టైప్ 2కి మూడూ బాగానే పని చేస్తాయి. చేయి తిరిగిన డాక్టరు దగ్గర్లో ఎవరున్నారన్నదే ఎక్కువగా చూసుకోవాలి. పోయెమ్ తర్వాత ఆమ్లం పైకి రావడం ఎక్కువ, ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు చాలామందికి అవసరమవుతాయి. ఏది చేసినా అల మాత్రం మామూలుగా అవుతుందని ఆశ పెట్టుకోవద్దు. ముద్ద బరువుతో దిగాలి, కాబట్టి నిటారుగా కూర్చుని, నీళ్లు తాగుతూ తినాలి.

ఆన్‌లైన్‌లో "పేగు నయం చేసే పెప్టైడ్" అంటూ బీపీసీ-157 అమ్ముతున్నారు. అది ఆమోదం పొందిన మందు కాదు. అన్నవాహిక మీద దానికి చూపించే రుజువులు ఎక్కువగా ఎలుకల ప్రయోగాలు. ఎలుక అన్నవాహికలో గొట్టం మొత్తం రేఖిత కండరమే, నునుపు కండరం స్ఫింక్టర్ దగ్గరే మొదలవుతుంది. మనుషుల జబ్బుకి అక్కడి ఫలితం అతకదు. డబ్బు పోవడం అటుంచి, చికిత్స ఆలస్యమైతే గొట్టం సాగి వంకర తిరుగుతుంది, అప్పుడు ఏ పద్ధతైనా కష్టమే.

డాక్టరు గారిని ఒక్కటి అడిగి తేల్చుకోండి: స్ఫింక్టర్ దగ్గర బయటి నుంచి నొక్కే గడ్డ ఏదీ లేదని ఖాయమేనా అని. 55 దాటిన వయసు, ఏడాది లోపే మొదలైన బాధ, వేగంగా బరువు తగ్గడం ఉంటే క్యాన్సర్ కూడా అకలేషియా వేషం వేస్తుంది, అప్పుడు సీటీ స్కాన్ కూడా కావాలి. ఇక ఏ ప్రొసీజర్ చేసినా ముందు ఒకటి రెండు రోజులు ద్రవాహారమే ఇవ్వమంటారు, అది ఖచ్చితంగా పాటించండి. మామూలు మనుషులకి ఆరు గంటల ఉపవాసంతో కడుపు ఖాళీ అవుతుంది. మీ అక్కగారి అన్నవాహికలో నిన్న మధ్యాహ్నం తిన్న అన్నం మెతుకులు ఈ రోజు ఉదయం కూడా ఉండొచ్చు, మత్తులో అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. మత్తు ఇచ్చే డాక్టరుకి "ఈవిడకి అకలేషియా, రాత్రి పడుకుంటే తిన్నది నోట్లోకి వస్తుంది" అని మీరే ముందుగా చెప్పండి.